నా ఎమ్‌జీబీని చలికాలానికి నిలబెట్టిన పద్ధతి – నా అనుభవం

మంచు కరగడానికి రోడ్ల మీద మొదటి విడత ఉప్పు చల్లేలోపే నా కారు గ్యారేజ్‌లోకి వెళ్లిపోవాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. కారు 1965 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, అంటే ఇద్దరు కూర్చునే, టాపు తీసే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, చువ్వల చక్రాలు, పైన గుడ్డ టాపు. ఇప్పటి కార్ల రేకుకి మామూలుగా ఫ్యాక్టరీలోనే జింకు పూత వేసేస్తారు, దీనికి అలాంటి రక్షణ ఏమీ లేదు, రంగు లేచిపోయిన చోట ఉత్త ఇనుమే. వేసవంతా హాయిగా తిరిగే ఇలాంటి బండికి అసలు ఇబ్బంది నాలుగైదు నెలలు కదలకుండా నిలబడ్డప్పుడే మొదలవుతుంది. ఈమధ్యే పాత కారు కొనుక్కున్న ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, చలికాలానికి కవర్ కప్పేస్తే సరిపోతుందా?" అని అడిగాడు. సరిపోదు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు నేను ఏం చేశానో, ఎందుకు చేశానో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అందరూ చలికి భయపడతారు. ఇనుముకి చలితో పేచీ లేదు, పొడిగా ఉంటే మైనస్ 20 డిగ్రీల్లో కూడా దానికి ఏమీ కాదు. పేచీ అంతా నీటితో. ఆ నీళ్లు ఒక్క దారిన వచ్చేవైతే పని సులువే, కానీ పెట్రోల్లో కలిసి ఉంటాయి, వాడిన ఇంజిన్ ఆయిల్లో ఉంటాయి, బ్రేక్ ఆయిల్ గాలిలోంచి పీల్చుకుంటుంది, గ్యారేజ్ గచ్చులోంచి పైకి వస్తాయి, సైలెన్సర్‌లోనైతే ఇంజినే స్వయంగా తయారుచేస్తుంది. కింద రాసిన పనుల్లో చాలా వరకు ఈ దారుల్లో ఏదో ఒకదాన్ని మూయడానికే. నిజంగా చలి వల్లే వచ్చే ప్రమాదాలు నా లెక్కలో రెండే, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఒకటి, బ్యాటరీ ఒకటి.

మొదటి పని కడగడం. పైన మెరిసేలా కడగడం ఎవరైనా చేస్తారు, నేను ఎక్కువ టైం పెట్టేది కింద. మడ్‌గార్డ్‌ల లోపలి అంచులు, స్ప్రింగుల చుట్టూ, పెట్రోల్ ట్యాంక్ పైన ధూళి పేరుకునే సందు, ఇవన్నీ హోస్ పైపుతో నీళ్లు తేటగా వచ్చేదాకా. ఎమ్‌జీబీలో తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ అందానికి పెట్టినవి కావు, కారు బరువు మోసేవి, అవి లోపల్నుంచి కుళ్లితే తలుపులు సరిగ్గా పడవు. వాటి అడుగున, తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి. ఒక మెత్తటి తీగ తీసుకుని ఒక్కో కన్నంలో దూర్చి తిప్పితే గోధుమరంగు బురద సన్నటి ధారగా కారుతుంది, వెనకే రెండు మూడు ఎండుటాకు ముక్కలు. ఆ బురద అక్కడే ఉండిపోతే చలికాలమంతా తడిగుడ్డ కట్టి ఉంచినట్టే. అందులో ఒకవేళ పాత ఉప్పు ఉంటే ఇంకా ప్రమాదం, ఉప్పు గాలిలోని తేమని తనవైపు లాక్కుంటుంది, మామూలు ఇనుము తుప్పు పట్టని పొడి గాలిలో కూడా ఉప్పు అంటిన ఇనుము తుప్పు పడుతుంది.

కడిగిన బండిని తడిగా లోపల పెట్టకూడదు. అందుకే ఎండ ఉన్న పొడి రోజు చూసుకుని కడిగి, తుడిచి, వెంటనే అరగంటకి పైగా నడిపాను. బ్రేక్ డ్రమ్ముల్లో నీళ్లు ఆరాలంటే బ్రేకులు వేడెక్కాలి, సందుల్లో నీళ్లు పోవాలంటే గాలి తగలాలి. తిరిగొచ్చాక వ్యాక్స్ పట్టించాను, క్రోమ్ బంపర్లకి కూడా. చువ్వల చక్రాలకి మాత్రం ఓపిక కావాలి, నూనె అద్దిన గుడ్డ ముక్కతో ఒక్కొక్క చువ్వనీ మొదట్నుంచి చివరిదాకా తుడవాలి, చువ్వ హబ్‌లోకి దూరే మొదట్లోనే తుప్పు ముందు పడుతుంది. గుడ్డ టాపు వేసి బిగించే ఉంచాను. మడిచి పెడితే చలికి వెనక ప్లాస్టిక్ కిటికీ బిరుసెక్కి, మళ్లీ విప్పేటప్పుడు మడత దగ్గర చీలిపోతుంది, గుడ్డ కూడా కుంచించుకుపోయి వసంతంలో కొక్కేలకి అందదు.

ఆ నడపడంలోనే పెట్రోల్ పని కూడా అయిపోయింది. బంకుకి వెళ్లి ముందు ట్యాంక్‌లో ఫ్యూయల్ స్టెబిలైజర్, అంటే పెట్రోల్ త్వరగా పాడవకుండా చూసే మందు పోసి, దాని మీద పెట్రోల్ నిండుగా కొట్టించాను, అలా అయితే పెట్రోల్ ధారకి అది బాగా కలుస్తుంది. నిండుగా ఎందుకంటే, ఖాళీ ఉన్నంత మేర గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, రాత్రి చల్లబడ్డప్పుడు అది ట్యాంక్ గోడల మీద చెమ్మగా దిగుతుంది. ట్యాంక్ రేకు ఇనుమే కదా. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఇంకో తలనొప్పి ఉంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, కొంత మేరకు తనలో కలుపుకుని ఉంచుతుంది, చల్లబడేకొద్దీ ఆ పట్టుకునే శక్తి తగ్గి ఒక దశలో నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగిపోతాయి. అడుగు నుంచే కదా పంపు లాగేది, మొదటి రోజే ఇంజిన్‌కి ఆ నీళ్లు అందుతాయి. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికే చోటుంటే చలికాలానికి ముందు అదే పోయించుకోవడం మంచిది, దొరక్కపోతే స్టెబిలైజర్ తప్పనిసరి. స్టెబిలైజర్ ఆక్సీకరణని నెమ్మదింపజేస్తుంది గానీ ఇప్పటికే పాడైన పెట్రోల్‌ని బాగుచెయ్యలేదు, కాబట్టి తాజా పెట్రోల్లోనే వెయ్యాలి. పోసిన తర్వాత కనీసం 15 నిమిషాలైనా నడపాలి, మందు కలిసిన పెట్రోల్ కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవ ఉండే ఫ్లోట్ గిన్నెల దాకా రావాలి, ఎండిపోయి పసుపు జిగురుగా మిగిలేది అక్కడే.

ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి నిలబెట్టే బండికి అది సరే. నాలుగైదు నెలలకైతే నాకు నిండు ట్యాంకే నయం అనిపిస్తుంది, పెట్రోల్ లేకపోతే రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు ఎండి కుంచించుకుపోతాయి కూడా. ఎలాగూ బోనెట్ ఎత్తాం కాబట్టి కార్బురేటర్ దగ్గరి రబ్బరు పైపుని వేళ్లతో వంచి చూడండి. వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చేయాలి. పాత రకం రబ్బరుకి ఇథనాల్ పడదు, మెత్తబడి కారడం మొదలుపెడుతుంది, నిండు ట్యాంక్ ఉన్న బండి మూసిన గదిలో కారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. గ్యారేజ్‌లో మంట ఉండే హీటర్ గానీ గీజర్ గానీ ఉంటే అక్కడ పెట్రోల్ బండి నిలపడమే నాకు ఇష్టం ఉండదు.

ఇంజిన్ ఇంకా వేడిగా ఉండగానే ఆయిల్ దింపేశాను. "వసంతంలో ఎలాగూ మారుస్తాం కదా, ఇప్పుడెందుకు?" అని అడుగుతుంటారు. ఇప్పుడే ఎందుకంటే వాడిన ఆయిల్లో మండగా మిగిలిన ఆమ్లాలు, నీళ్లు ఉంటాయి, అవి నాలుగైదు నెలల పాటు బేరింగుల మీద అలాగే కూర్చుంటాయి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి కొద్దిసేపు తిప్పి లోపలంతా పట్టనిచ్చి ఆపేశాను. ఆ తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి ఒక్కో రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించాను. నాలుగైదు నెలలకి ఇది లేకపోయినా గడుస్తుంది. సిలిండర్ గోడకి పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కున్న ఇంజిన్ని ఒక్కసారి చూసినవాళ్లు మాత్రం ఈ చెంచా ఆయిల్ మానరు.

కూలెంట్ దగ్గర చలితో నిజంగానే ప్రమాదం. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి పోత ఇనుము బ్లాక్ కూడా పగులుతుంది. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా భయం లేదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, ఉత్త గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, అందుకే సగానికి సగం అన్న లెక్క వచ్చింది. చిన్న హైడ్రోమీటర్‌తో రేడియేటర్‌లోంచి కాస్త లాగి చూస్తే ఎంత చలి దాకా తట్టుకుంటుందో తెలిసిపోతుంది. కూలెంట్ మొత్తం దింపేసి ఖాళీగా ఉంచుదామనే ఆలోచన ఎమ్‌జీబీకి పనికిరాదు, రేడియేటర్‌దీ బ్లాక్‌దీ కుళాయిలు తిప్పినా హీటర్‌లోని నీళ్లు కారిపోవు, అక్కడే ఉండి గడ్డకడతాయి. పైగా కూలెంట్లో తుప్పు ఆపే మందులుంటాయి, పాత ఆకుపచ్చ రకంలో అవి రెండేళ్లకి అరిగిపోతాయి కాబట్టి గడ్డకట్టే లెక్క బాగున్నా రెండేళ్లకోసారి మార్చేస్తాను.

బ్రేక్ ఆయిల్‌ని చాలామంది అసలు పట్టించుకోరు. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోంచి తేమ పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీళ్లు చేరాక 155 దాకా తట్టుకుంటే చాలని ప్రమాణం, అంటే నీళ్లు ఎంత దించేస్తాయో చూడండి. నిలబడ్డ బండిలో మరగడం సమస్య కాదు, ఆ నీళ్లు వెనక చక్రాల బ్రేక్ సిలిండర్ల లోపల చిన్న చిన్న గుంటలుగా తుప్పు పట్టిస్తాయి, వసంతంలో పెడల్ తొక్కగానే ఆ గుంటల మీదుగా రబ్బరు సీలు జారి చిరుగుతుంది. అందుకే బ్రేక్ ఆయిల్ మార్చే పని రెండేళ్లకోసారి చలికాలానికి ముందే పెట్టుకుంటాను. దీనికి ఇద్దరు కావాలి. మా ఆవిడ సీట్లో కూర్చుంది, నేను కింద పాత ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కి సన్న పైపు పెట్టి సీసాలో ముంచాను. "తొక్కు." "తొక్కా." "అలాగే పట్టుకో… ఇప్పుడు వదులు." మొదట టీ రంగులో వచ్చింది, తర్వాత తేటపడుతూ తేనెరంగుకి మారింది, బుడగలు ఆగాయి. నాలుగు చక్రాలకీ అయ్యేసరికి ఆవిడ "ఇంక నా కాలు నాది కాదు" అంది, నిజంగానే కష్టమైన పని.

హ్యాండ్ బ్రేక్ వేసి పెట్టకూడదు. నెలల తరబడి నొక్కుకుని ఉన్న బ్రేక్ షూ చెమ్మకి డ్రమ్ముకి అతుక్కుపోతుంది, విడదీయాలంటే సుత్తి పడుతుంది. హ్యాండ్ బ్రేక్ వదిలేసి చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టాలి. క్లచ్ సంగతీ అంతే, ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కోవచ్చు, చెమ్మ ఉన్న చోట్ల పెడల్‌ని కిందికి నొక్కి సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర పెట్టి ఉంచుతారు. నా గ్యారేజ్ పొడిగానే ఉంటుంది కాబట్టి నేను కర్ర పెట్టను, కానీ నెలకోసారి పెడల్‌ని తొక్కి వదులుతాను.

ఇక బ్యాటరీ. ఎమ్‌జీబీలో బ్యాటరీ కోసం బోనెట్ ఎత్తితే కనిపించదు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే ఒక రేకు మూత, ఆ మూత విప్పితే కింద రెండు గూళ్లు, ఒక్కో గూట్లో ఒక్కో 6 వోల్టుల బ్యాటరీ, రెండూ వరసగా కలిపి 12 వోల్టులు. ఇంకో విశేషం, 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీలు పాజిటివ్ ఎర్త్. అంటే బాడీకి కలిసేది ప్లస్. విప్పేటప్పుడు ఏ బండికైనా ఎర్త్ వైరే ముందు విప్పాలన్నది నియమం, ఎందుకంటే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వ రాకూడదు, కాబట్టి ఈ బండికి ముందు విప్పాల్సింది ప్లస్. అందరూ మైనస్ ముందు అని అలవాటు పడి ఉంటారు, పాత ఇంగ్లీషు కారు కొన్నవాళ్లు పానా పట్టుకునేముందు కేబుల్ ఎటు వెళ్లి బాడీకి కలుస్తోందో కళ్లారా చూసుకోవాలి. ఆ ఇరుకులో చెయ్యి పెట్టి టెర్మినల్ విప్పి, పైన పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక రెండు బ్యాటరీలనూ బయటికి తీశాను. వాటి కింద ఆ గూళ్లు కూడా తుడిచాను, బ్యాటరీ ఆమ్లం కారితే ముందు తినేది ఆ రేకునే.

బ్యాటరీకి చలి వల్ల ప్రమాదం దాని కడుపు నిండి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. నిండుగా చార్జ్ ఉన్న లెడ్ బ్యాటరీ మైనస్ 50 దాకా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 7, 8 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఎందుకంటే అప్పుడు లోపల మిగిలేది దాదాపు నీళ్లే. గడ్డకట్టకపోయినా తక్కువ చార్జ్‌తో నెలలు ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి తిరిగి చార్జ్ ఎక్కదు. నేను రెండింటినీ విడివిడిగా కొలుస్తాను. ఒక్కోటి 6.3 వోల్టులకి పైన చూపించాలి. మొత్తం 12.6 వచ్చింది కదా అని సంతోషిస్తే ఒకటి బలంగా ఒకటి నీరసంగా ఉన్న సంగతి తెలియదు, ఆ నీరసమైనదే చలికాలంలో చచ్చిపోయి రెండోదాన్నీ లాగేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ సరిచూసి, నిండగానే తనంతట తానే తగ్గించుకునే స్మార్ట్ చార్జర్‌కి పెట్టి వదిలేశాను. పాత రకం చార్జర్లు ఆపకుండా కరెంట్ తోస్తూనే ఉంటాయి, నెలల తరబడి వదిలేస్తే నీళ్లు మరిగించి పారేస్తాయి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి. బ్యాటరీని గచ్చు మీద పెడితే చార్జ్ దిగిపోతుందన్నది ఎప్పటిదో పాత మాట, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి వర్తించదు, నిజానికి చల్లటి చోట చార్జ్ ఇంకా నెమ్మదిగా దిగుతుంది.

నెలల తరబడి ఒకే చోట నిలబడితే టైరు నేలకి ఆనిన చోట చదునవుతుంది, దానికి రెండు దారులు. నేల మీదే ఉంచేటట్టయితే మామూలు కంటే ఓ 10 పీఎస్‌ఐ ఎక్కువ గాలి కొట్టి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా చూసుకుంటే చాలు. లేదా బండిని స్టాండ్‌ల మీదికి ఎత్తాలి. నేను ఎత్తుతాను. వెనక ఇరుసు కింద, ముందు స్ప్రింగు పళ్లేల కింద స్టాండ్‌లు పెట్టి, చక్రాలు నేలకి ఒక్క వేలెడు ఎడంగా. అలా పెడితే బరువు స్ప్రింగుల మీదే ఉంటుంది. బాడీ కింద స్టాండ్‌లు పెడితే సస్పెన్షన్ మొత్తం వేలాడుతుంది, రబ్బరు బుష్‌లు నెలల తరబడి మెలితిరిగి ఉంటాయి, అది నాకు నచ్చదు.

ఇప్పుడు గాలి సంగతి, నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఇనుముకి తుప్పు వేగం పెరుగుతుంది, 40 కంటే తగ్గితే తోలు సీట్లు, చెక్క స్టీరింగ్ ఎండి పగుళ్లిస్తాయి. 50 చుట్టుపక్కల ఉంచడం నా లక్ష్యం. ఒక చిన్న తేమ మీటర్ కారులో, ఒకటి గోడకి. గ్యారేజ్ వెచ్చగా ఉండాలని అనుకోవద్దు, చల్లగా పొడిగా ఉన్న గది వెచ్చగా చెమ్మగా ఉన్న గదికంటే ఎన్నో రెట్లు మేలు. అన్నిటికంటే చెడ్డది అప్పుడప్పుడు వెచ్చబడే గది. రోజుల తరబడి చలిలో ఉండి ఇంజిన్, గేర్‌బాక్స్ 3, 4 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒక్కసారిగా వాతావరణం మారి బయట 15 డిగ్రీలు, 70 శాతం తేమ వచ్చిందనుకోండి, ఆ గాలి 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుని తాకినా నీళ్లు వదిలేస్తుంది. తలుపు తీసిన పది నిమిషాల్లో బ్లాక్ మీద, బంపర్ల వెనక, కనపడని ప్రతి మూలలో చుక్కలు. "పాపం, ఇవాళ కాస్త ఎండ వచ్చింది, గాలి తగలనిద్దాం" అని తలుపులు బార్లా తెరిచేది సరిగ్గా ఇలాంటి రోజునే. మంచు కరిగే వెచ్చటి రోజున నేను గ్యారేజ్ తలుపు గట్టిగా మూసి ఉంచుతాను, చల్లగా పొడిగా ఉన్న రోజు చూసి తెరుస్తాను.

గచ్చులోంచి కూడా చెమ్మ వస్తుంది. మీ గచ్చు సంగతి తెలుసుకోవాలంటే ఒక మూరెడు ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు అంచులా టేపుతో నేలకి అతికించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూసినప్పుడు కింద నేల నల్లబడి ఉన్నా, షీటు లోపలివైపు చెమ్మ ఉన్నా, కింద నుంచి నీళ్లు వస్తున్నట్టే. నాకు షీటు మధ్యలో మంచు బిందువుల్లా సన్నటి తుంపర కనిపించింది, అందుకే కారు మొత్తం పట్టేంత మందపాటి పాలిథిన్ పరిచి దాని మీద బండి పెట్టాను. తేమ తీసే యంత్రం కొనేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కంప్రెసర్‌తో పనిచేసే మామూలు రకం చలిలో చేతులెత్తేస్తుంది, దాని గొట్టాల మీదే మంచు పేరుకుంటుంది. వేడిలేని గ్యారేజ్‌కి తేమని పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం కావాలి, అది సున్నాకి దగ్గర్లో కూడా లాగుతూనే ఉంటుంది.

కవర్ అన్నిటికంటే చివర. గాలి ఆడే మెత్తటి గుడ్డ కవర్ మాత్రమే. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపలి చెమ్మ బయటికి పోలేక రంగు మీదే కూర్చుంటుంది, పెయింట్ కింద బొబ్బలు వస్తాయి. ఫ్యాన్‌తో గాలి తిరుగుతూ ఉండే పెద్ద ప్లాస్టిక్ బుడగలు వేరే, వాటిలో గాలి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది కాబట్టి చెమ్మ దిగదు, గ్యారేజ్ అంత బాగాలేని వాళ్లకి అవి బాగా పనికొస్తాయి.

ఎలుకల గురించి చెప్పకపోతే ఈ రాత పూర్తవదు. చలి పడగానే చుంచులు వెచ్చటి గూడు వెతుక్కుంటాయి, సీట్లోని దూది, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలు వాటికి బాగా నచ్చుతాయి, వైర్ల పైతొడుగు కొరికేస్తాయి. పెన్సిల్ దూరే సందు ఉంటే చాలు. సైలెన్సర్ గొట్టం చివర, ఎయిర్ ఫిల్టర్ల మూతులు స్టీల్ పీచుతో గట్టిగా కూరాను. కారులో తినే వస్తువు చిన్న ముక్క కూడా లేకుండా దులిపాను, ఎలుకల బోన్లు గోడల వెంట పెట్టాను, కారుకి దూరంగా. కలరా ఉండలు వేస్తే పోతాయంటారు గానీ ఆ వాసన సీట్లకీ టాపుకీ పట్టి నెలల తరబడి వదలదు, నేను వెయ్యను. ఎక్కడెక్కడ పీచు కూరానో, ఏది విప్పి ఉంచానో ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కి కట్టాను. సైలెన్సర్ మూసి ఉంది, బ్యాటరీలు బయట ఉన్నాయి, హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదు. నాలుగైదు నెలల తర్వాత తాళం చేతికి తీసుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఆ అట్ట చదవకుండా సీట్లో కూర్చోలేరు. ఇన్సూరెన్స్ మాత్రం ఆపెయ్యలేదు, తిరగడానికి సంబంధించిన భాగం తగ్గించుకుని అగ్నిప్రమాదం, దొంగతనం అలాగే ఉంచాను.

ఆ తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న: "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే మంచిదే కదన్నా?" మంచిది కాదు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి, పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి. ఇంజిన్ బాగా వేడెక్కి బండి నడుస్తున్నప్పుడు ఆ నీళ్లు ఆవిరిగా సైలెన్సర్ దాటి పోతాయి. ఐదు నిమిషాల్లో సైలెన్సర్ వేడెక్కదు, ఆవిరి లోపలే చల్లబడి నీళ్లై అడుగున నిలుస్తుంది. కొన్ని ఆవిర్లు పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగి మనం అంత ఖర్చు పెట్టి పోసిన కొత్త ఆయిల్లో కలుస్తాయి. చోక్ లాగి ఉంచడం వల్ల వచ్చే అదనపు పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది. స్టార్ట్ చేస్తే పొడి రోడ్డు మీద అరగంటకు పైగా నడిపి ఆయిల్ కూడా వేడెక్కేదాకా తిప్పాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు. ఉప్పు రోడ్ల మీద నడపలేం కాబట్టి నేను ముట్టుకోను. చలికాలంలో నేను చేసేదల్లా తేమ మీటర్ చూడటం, బ్యాటరీలు కొలవడం, బోన్లు చూడటం, బండి కింద కొత్త మరక ఏమైనా ఉందా అని టార్చి వేసి చూడటం.

ఉప్పంతా రెండు మంచి వానలకి కొట్టుకుపోయాక బండిని లేపాను. తొందరపడకూడదు. ముందు స్టీల్ పీచులన్నీ తీసి అట్ట మీద ఒక్కోటీ కొట్టేశాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలు విప్పి లోపల గూడు లేదని చూశాను. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు చూసి, చక్రాల లోపలివైపు చేత్తో తడిమాను, తడి ఉంటే సిలిండర్ సీలు పోయినట్టే. టైర్లలో గాలి మామూలు లెక్కకి తెచ్చి బండిని కిందికి దించాను. బ్యాటరీలు పెట్టేటప్పుడు విప్పిన వరసకి తిరగేసి, అంటే ఎర్త్ చివర. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్లగ్గులకి కరెంట్ పంపే కాయిల్ వైరు విప్పి ఉంచి సెల్ఫ్ కొట్టాను. ప్లగ్గులు లేకపోతే ఇంజిన్ మీద భారం ఉండదు, తేలిగ్గా తిరుగుతూ ఆయిల్‌ని పైదాకా తోస్తుంది. డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు కాసేపు సున్నా దగ్గరే ఉండి, ఉన్నట్టుండి వణికి పైకి లేచింది. ఆ ముల్లు లేచాకే ప్లగ్గులు పెట్టాలి. ఎండిన బేరింగుల మీద ఇంజిన్ని ఒక్కసారిగా అంటించడం నాకు ఇష్టం లేదు.

కాయిల్ వైరు తగిలించి తాళం తిప్పితే వెనకనుంచి పెట్రోల్ పంపు టకటకమని మొదలైంది, ఫ్లోట్ గిన్నెలు నిండేకొద్దీ నెమ్మదించి ఆగింది. ఎస్‌యూ పంపులో ఉన్న మంచి గుణం ఇదే, చెవితోనే చాలా తెలుస్తుంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉందంటే ఎక్కడో కారుతోందనో, ఫ్లోట్ వాల్వు ఇరుక్కుందనో, పెట్రోల్ అందడం లేదనో అర్థం. ఆ నిమిషంలో స్టార్ట్ చెయ్యకుండా దిగి కార్బురేటర్ల చుట్టూ వాసన చూసి, పైపులన్నీ ముట్టుకుని చూశాను. అప్పుడు గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసిన గదిలో ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడపకండి. మొదట కాస్త నీలం పొగ వచ్చింది, మనం సిలిండర్లలో పోసిన ఆయిల్ అది, కొద్దిసేపట్లో పోతుంది.

వీధిలోకి వెళ్లేముందు గ్యారేజ్ ముందరే రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ జరిపి బ్రేకులు పట్టి వదులుతున్నాయో లేదో చూశాను. మొదటి కొన్ని బ్రేకులకి గరగరమని శబ్దం వస్తుంది, డిస్కుల మీద పల్చటి తుప్పు పొర ఊడిపోయే శబ్దం, అది మామూలే. పెడల్ మెత్తగా దిగిపోతే మాత్రం నడపొద్దు. నేల మీదే నిలబెట్టినవాళ్లకి మొదటి కొన్ని కిలోమీటర్లు స్టీరింగ్ వణుకుతుంది, టైర్లు వేడెక్కి గుండ్రంగా అయ్యాక సర్దుకుంటుంది. నేను మొదటి రోజు ఇంటి చుట్టుపక్కలే తిరిగి, వచ్చాక బండి కింద ఒక తెల్లటి అట్టపెట్టె విప్పి పరిచి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే ఇంజిన్ కింద రెండు ఆయిల్ చుక్కలున్నాయి, చక్రాల దగ్గర ఏమీ లేదు. ఇంజిన్ కింద రెండు చుక్కలు ఈ బండికి ఎప్పుడూ ఉండేవే. పాత పెట్రోల్ సగం అయ్యాక కొత్తది నిండుగా కొట్టించి అప్పుడు దూరప్రయాణం పెట్టుకున్నాను.